మా పెట్టెల మీది సున్నాలు

 వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి, సెల్‌ఫోన్ల గురించి వ్యాసాలు ఎలాగూ వస్తాయి కదా, మనకు తెలిసింది మనం రాద్దాం అనుకున్నాం. మాకు తెలిసింది అచ్చు వేయడం. మేము అంటే ఇద్దరం. ఈ పూతలపట్టు హాస్టల్లో ఆరు నుంచి పది దాకా ఉండి, ఇంటర్ అయ్యాక చిత్రకళలో డిగ్రీ చేసినవాళ్లం. నిజానికి ముగ్గురం చేరాం. మూడోవాడి సంగతి తర్వాత చెప్తాం. పేర్లు వేయవద్దని ముగ్గురమూ అనుకున్నాం.

ట్రంకుపెట్టెతో మొదలుపెట్టాలి. ఆరో తరగతిలో మాకిచ్చిన పెట్టెల మీద తెల్ల పెయింటుతో "సాంఘిక సంక్షేమ వసతి గృహం" అని, కింద ఒక నెంబరు ఉండేది. ఆ నాలుగు మాటల్లో మూడు సున్నాలున్నాయి, లెక్కపెట్టి చూడండి. మూడూ గుండ్రంగా ఉండేవి కావు. పగిలిన గాజు ముక్కల్లాగా ఒక్కో సున్నా రెండు సగాలై, మధ్యలో సందు ఉండేది. పెయింటరుకు తెలుగు సరిగా రాదని మేము తీర్మానించుకున్నాం. ఒకడైతే చాక్‌పీసుతో ఆ సందులన్నీ పూడ్చి, మా డార్మెటరీలో ఇరవై పెట్టెల మీద సున్నాలు సరిచేశాడు. వాడే మా మూడోవాడు.

పండుగ సెలవులకు ఊరికి పోయేటప్పుడు బస్సులో ఎవరో ఒకరు ఆ పెట్టె చదివేవాళ్లు. చదివి, తర్వాత మమ్మల్ని చూసేవాళ్లు. ఆ చూపు ఎలా ఉండేదో ఈ పుస్తకం చదివేవాళ్లకు వివరించి చెప్పనక్కరలేదు. ఇంటర్‌కు పోయేముందు మేము చేసిన మొదటి పని, బ్లేడుతో ఆ అక్షరాలు గీకేయడం. పెయింటు పోయింది గానీ గీతలు పోలేదు. ఎండలో పెడితే ఇంకా చదవడానికి వచ్చేది.

డిగ్రీ మొదటి సంవత్సరంలో మాకు లినో షీటు ముక్క ఒకటిచ్చి, నీ పేరు చెక్కుకురా అన్నారు. లినోలియం అనేది నేల మీద పరిచేందుకు పుట్టిన సరుకు. అవిసె నూనె, బెండు పొడి కలిపి గోనెగుడ్డ మీద పోత పోస్తారు. చలికాలంలో అది గట్టిపడి ఉలికి లొంగదు, కాసేపు ఎండలో పెడితే వెన్నలాగా కోసుకుంటుంది. మన చిత్తూరు జిల్లా ఎండకు అయిదు నిమిషాలు చాలు. అచ్చులో తెల్లగా ఉండాల్సిన చోటంతా చెక్కి తీసేయాలి, మిగిలిన ఎత్తు భాగం మీదే రోలరుతో ఇంకు పూయాలి, కాగితం పరిచి రుద్దాలి. రెండు రోజులు కూర్చుని పేర్లు చెక్కాం. కాగితం ఎత్తి చూస్తే తలకట్టులన్నీ అవతలి వైపుకు తిరిగి ఉన్నాయి. అద్దంలో చూస్తే తప్ప చదవలేం. క్లాసులో అందరికీ అదే జరిగింది. అలా జరగాలనే ముందుగా చెప్పలేదట. తిరగేసి చెక్కితేనే అచ్చు తిన్నగా పడుతుంది.

రెండో పాఠం స్టెన్సిల్. ఇది తిరగబడదు. అట్ట మీద అక్షరం ఎలా కోస్తే అలాగే పడుతుంది, ఎందుకంటే రంగు కోసిన సందులోంచి నేరుగా కిందికి పోతుంది. ఇది తేలిక అనుకుని మళ్లీ పేర్లు కోశాం. సున్నా దగ్గర ఆగిపోయాం. సున్నా చుట్టూ కోయగానే నడిమి బిళ్ళ ఊడి టేబుల్ మీద పడింది. రంగు అద్దితే సున్నా బదులు నల్లటి బొట్టు వచ్చింది. నడిమి బిళ్ళ నిలబడాలంటే దాన్ని రెండు పక్కలా పట్టుకునే సన్నటి కట్టు వదలాలి. వదిలితే సున్నా రెండు సగాలవుతుంది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏళ్లుగా మేము తప్పు పట్టిన ఆ పెయింటరుకు పని బ్రహ్మాండంగా వచ్చు. తెలుగు స్టెన్సిల్ కోయడం ఇంగ్లీషు కోయడం కంటే కష్టం. మన లిపి అంతా గుండ్రాలే. ఠ, థ లాంటి వాటిలో లోపల చుక్కలు కూడా ఉంటాయి. ఆ చుక్కలను గాలిలో నిలపాలి. ఎక్కడ కట్టు వదలాలో తెలియనివాడు కోస్తే "సంక్షేమ" చదవడానికి రాదు.

మా సిలబస్‌లో ఇవి రెండూ వేరు వేరు పాఠాలు. రెండింటినీ కలిపి వాడుకోవడం మాకు రెండో సంవత్సరంలో గానీ తలకెక్కలేదు. లినో మీద నల్ల బొమ్మ చెక్కుకున్నామనుకోండి, కాగితం మీద ముందు స్టెన్సిల్‌తో పసుపు రంగు అద్ది ఆరనిచ్చి, దాని మీద నల్ల అచ్చు వేయవచ్చు. ఇంకు పూసిన లినోకూ కాగితానికీ నడుమ కోసిన పేపరు ముక్క పెడితే, ఆ మేర ఇంకు అంటక తెల్లగా మిగులుతుంది. మాకు అన్నింటికంటే నచ్చింది మూడో పద్ధతి. స్టెన్సిల్ కోసినప్పుడు ఊడిపడే ముక్కలుంటాయి కదా, వాటిని పారేయకుండా దళసరి అట్ట మీద బోర్లించి అతికిస్తే అదే ఎత్తు అచ్చవుతుంది. దానికి లినో అక్కరలేదు, ఉలి అక్కరలేదు. ముక్కలు కదలకుండా, తడికి మెత్తబడకుండా పైన వార్నిష్ పూస్తే ముప్పై నలభై కాపీలు వస్తాయి. సందు ఒక అచ్చు, సందులోంచి పడిన ముక్క ఇంకో అచ్చు.

మా మొదటి రెండు రంగుల బొమ్మ, సాయంత్రం అన్నానికి ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ వరుస. పైన బల్బు, దాని పసుపు వెలుగు. కాగితం ప్రతిసారీ ఒకే చోట పడాలంటే మూలకు అట్టముక్క అతికించి హద్దు పెట్టుకోవాలని అప్పటికి తెలియదు. మొదటి పది కాపీల్లో పసుపు వెలుగు జరిగి జరిగి వార్డెన్ సార్ తల మీద పడింది. ఆయన చుట్టూ దేవుడికి ఉన్నట్టు కాంతివలయం! ఆ కాపీ ఒకటి ఆయనకే ఇచ్చాం, సంతోషంగా తీసుకున్నారు.

ఈ పని ఎక్కడో పుట్టి మనదాకా వచ్చిందని మేమూ అనుకున్నాం. అది సగమే నిజం. పెడనలో, మచిలీపట్నంలో టేకు దిమ్మెల మీద చెక్కిన అచ్చులతో కలంకారీ బట్ట అద్దేది అక్షరాలా ఇదే పని, ఎత్తు భాగానికి రంగు అంటించి ఒత్తడం. మన పక్కనున్న శ్రీకాళహస్తిలో దిమ్మె వాడరు, వెదురు కలంతో చేత్తో గీస్తారు. ఒకప్పుడు కోరమాండల్ తీరంలో అద్దకం బట్టలు వేసేవాళ్లు కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, పైనుంచి బొగ్గుపొడి కొట్టి బట్ట మీదికి దించేవాళ్లు. కోర్దూ అనే ఫ్రెంచి ఫాదరీ 1742లో ఆ అద్దకం పద్ధతులన్నీ ఉత్తరంలో రాసి తన దేశానికి పంపాడు. ఇక ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడండి. మేకతోలులో ఉలితో బెజ్జాలు కొట్టి, నగలున్నచోటల్లా దీపం వెలుగు బయటికి వచ్చేట్టు చేస్తారు. రంగుకు బదులు వెలుతురు పోయే స్టెన్సిల్ అది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఈ విద్య ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, ఇంట్లో నేర్చుకున్నారు.

పాత విద్యార్థుల్లో యాభై దాటినవాళ్లకు స్టెన్సిల్ అంటే సైక్లోస్టైల్ గుర్తొస్తుంది. మైనం కాగితం మీద ఇనుప కలంతో రాస్తే, రాసినచోట మైనం పోయి ఇంకు కారేది. మీ క్వార్టర్లీ ప్రశ్నపత్రాలు, సంఘాల కరపత్రాలు అన్నీ అలా వచ్చినవే. చేతిలో డబ్బు లేనివాళ్లు నలుగురికి చేరాలంటే వెతుక్కున్న దారి ఎప్పుడూ ఇదే. చిత్తప్రసాద్ అనే బెంగాలీ చిత్రకారుడు 1943 కరువులో ఊరూరా తిరిగి చచ్చిపోతున్న జనాన్ని గీశాడు. "హంగ్రీ బెంగాల్" అని ఆయన వేసిన పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టించింది. తర్వాత పని చేసే పిల్లల మీద ఆయన వేసిన లినోకట్లు మేము కాలేజీ లైబ్రరీలో చూశాం. ఆయన తన కులం తెలిసే ఇంటిపేరును వదిలేశాడని చదివి మాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. మాకు వదిలేయడానికి ఇంటిపేరు చాలదు, పెట్టె కూడా గీకాలి.

ఎలిజబెత్ కాట్లెట్ అనే నల్లజాతి అమెరికన్ కళాకారిణి కథ ఇంకా దగ్గరగా అనిపించింది. ఆమె తాత అవ్వలు బానిసలు. 1930లలో ఒక పెద్ద కళాశాల పరీక్ష నెగ్గి కూడా ఒంటి రంగు వల్ల సీటు పోగొట్టుకుంది. వేరేచోట చదివి, తర్వాత మెక్సికో వెళ్లి, 1937లో మొదలైన ఒక ప్రజా అచ్చు కార్యశాలలో పనిచేసింది. 1952లో ఆమె చెక్కిన "షేర్‌క్రాపర్" అనే లినోకట్‌లో ఒక కౌలు కూలీ ఆడమనిషి. వెడల్పు టోపీ, చొక్కాకు గుండీ బదులు పిన్నీసు. ఆ పిన్నీసు చూసి మా ఇద్దరికీ మా అమ్మలు గుర్తొచ్చారు.

మూడో సంవత్సరంలో మేము ట్రంకుపెట్టెను చెక్కాం. పెట్టె లినోలో, దాని మీది అక్షరాలు స్టెన్సిల్‌తో, సున్నాలు రెండు సగాలుగానే. బొమ్మ చూసి ఒక పెద్దమనిషి "టెక్నిక్ బాగుందబ్బా, కానీ ఇదేం సబ్జెక్టు? పల్లె పడుచు, ఎద్దులబండి, అలాంటివి వేయొచ్చు కదా" అన్నారు. మేము కూడా పల్లెవాళ్లమే. మా పల్లెలో ఎద్దులబండి మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ట్రంకుపెట్టె ఉంది.

ఇక మా మూడోవాడు. ముగ్గురిలో చెయ్యి తిరిగినవాడు వాడే. హాస్టల్లో ఉండగానే డ్రాయింగ్ లోయర్ పరీక్ష మా అందరికంటే ముందు పాసయ్యాడు. రెండో సంవత్సరం మధ్యలో చదువు మానేశాడు. ఫీజుకు ఇబ్బంది లేదు, అది ప్రభుత్వం కట్టింది. లినో షీట్లకు, ఇంకులకు, మంచి కాగితానికి, ఉలుల సెట్టుకు, ఏడాది చివర ఫ్రేములకు ఎవరూ కట్టరు. ఒక మోస్తరు షీటు ధర వాళ్లమ్మ రెండు రోజుల కూలి. సరుకు తేనివాణ్ణి క్లాసులో కూర్చోనివ్వలేదు. మేము మా ముక్కల్లో సగం ఇస్తే మొదట్లో తీసుకున్నాడు, తర్వాత తీసుకోలేదు. ఒకరోజు పెట్టె సర్దుకున్నాడు. "బొమ్మలేసుకుంటా కూచుంటే కూడెవురు బెడతార్రా" అని వాళ్ల నాయన ముందునుంచీ అంటున్నదే. మేము ఆపలేదు. ఆపాల్సింది, ఎలా ఆపాలో తెలియలేదు.

వాడిప్పుడు మామిడి సీజన్లో తోటల దగ్గర క్రేట్ల మీద, మిగతా రోజుల్లో లారీల మీద, గోడల మీద స్టెన్సిల్ కొట్టే పని చేస్తాడు. రెండేళ్ల కిందట వాడి దగ్గరికి పోతే మాకు కాలేజీలో చెప్పనివి నాలుగు విషయాలు చెప్పాడు. అట్ట ఎందుకురా, పాత ఎక్స్‌రే షీటు తీసుకోండి, తడికి చావదు, వెయ్యిసార్లు వాడుకోవచ్చు అన్నాడు. బ్రష్షుతో రుద్దకూడదు, నిలువుగా పట్టి పొడవాలి. రంగు పలచనైతే కిందికి పాకుతుంది, పిండిలా ఉండాలి. పరుపులోని స్పాంజి ముక్క బ్రష్షు కంటే మేలు. మేము 'బ్రిడ్జి' అని నేర్చుకున్నదాన్ని వాడు 'జాయింటు' అంటాడు. సున్నాకు జాయింటు నిలువుగా కాక కాస్త ఏటవాలుగా వదిలితే కన్ను దాన్ని పట్టించుకోదని చూపించాడు. నిజంగానే పట్టించుకోలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మాకొక అభిప్రాయం ఉంది. మన పూర్వ విద్యార్థులు ఏటా ఈ వార్షికోత్సవానికి ఏదో ఒకటి ఇస్తారు. ఫ్యాన్లు ఇచ్చారు, రెక్కల మీద దాతల పేర్లున్నాయి. గడియారాలు, కుర్చీలు, స్టీలు డ్రమ్ములు, వాటి మీదా పేర్లున్నాయి. తప్పేమీ లేదు, ఎండాకాలం ఫ్యాను లేనిదే బతకలేం. కానీ ఈసారి ఒక్క పెట్టె ఇవ్వండి. నాలుగు సెట్లు ఉలులు, రెండు రోలర్లు, నల్ల ఇంకు డబ్బాలు, లినో షీట్లు, కటింగ్ బ్లేడ్లు, దళసరి అట్టలు. అచ్చుయంత్రం అక్కరలేదు. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి బరోడా పోయి అచ్చుకళ నేర్చుకుని, 2016లో పద్మశ్రీ అందుకున్న లక్ష్మాగౌడ్ గారి ఎచింగులకు యాసిడ్ కావాలి, బరువైన ప్రెస్సు కావాలి. లినోకు మన వంటగది గరిటె చాలు. కాగితం మీద గరిటె వీపుతో గుండ్రంగా రుద్దితే ప్రెస్సులో వేసినట్టే పడుతుంది. వంటమనిషి అక్క ఒప్పుకోవాలి, అంతే.

దీనికి ఎదురు వాదన మాకు తెలుసు. మన పిల్లలకు పది పాసవడం, ఇంటర్లో లెక్కలు దాటడం, ఏదో ఒక ఉద్యోగానికి రాత పరీక్ష రాయడం, ఇవే కొండంత పని, మధ్యలో బొమ్మలేంటి అని పెద్దలు అంటారు. వాళ్లది దురుద్దేశం కాదు. మాలో ఒకరం ప్రైవేటు బడిలో డ్రాయింగ్ సారు, జీతం ఎంతో చెప్పుకోవడానికి సిగ్గు. ఇంకొకరం ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తాం, ఆ ఫ్లెక్సీలే మా మూడోవాడి గోడ పని సగం తినేశాయి. కాబట్టి చిత్రకళలో చేరితే బతుకు బాగుపడుతుందని మేము ఎవరికీ చెప్పం. తమ్ముళ్లు ఆ కోర్సులో చేరాలా వద్దా అన్న దాని మీద మా ఇద్దరికే ఏకాభిప్రాయం లేదు. ఒకరు చేరమంటాం, ఇంకొకరు ముందు సరుకుల ఖర్చు ఎవరు పెడతారో తేల్చుకుని చేరమంటాం.

కానీ ఆ పెట్టె విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. మన మీద అక్షరాలు వేరేవాళ్లు వేస్తూ వచ్చారు. ప్లేటు మీద, పెట్టె మీద, దుప్పటి అంచు మీద, బియ్యం బస్తా మీద. వేసినవాళ్లకు మన మీద కోపం లేదు, సరుకు తప్పిపోకూడదని వేశారు. ఆ అక్షరం ఎలా కోస్తారో, ఏ జాయింటు ఎందుకు వదులుతారో చేత్తో కోసి చూసినవాడు దాన్ని ఇక బ్లేడుతో గీకడు. గీకాల్సినంత పెద్దదిగా అది కనిపించదు. మాకు ఇది ఇరవయ్యో ఏట తెలిసింది. పన్నెండో ఏట తెలిసి ఉంటే బస్సులో ఇంకోలా కూర్చునేవాళ్లం. ఇంకో సంగతి, మన తమ్ముడెవరైనా రేపు చిత్రకళ చదవడానికి పోతే, చేతిలో సొంత ఉలులతో పోతాడు. సరుకు లేదని వాణ్ణి బయట నిలబెట్టలేరు.

వచ్చే ఏడాది సంచిక అట్టను తమ్ముళ్లే అచ్చు వేయాలని కూడా అడుగుతున్నాం. ఒక్కో కాపీ చేత్తో రుద్దాలి, రెండు మూడు వందల కాపీలంటే నెలన్నర ఆదివారాలు. కంప్యూటరు అట్ట కంటే వంకరగా వస్తుంది. ఒక కాపీలో ఉన్నట్టు ఇంకో కాపీలో ఉండదు. దానికి వార్డెన్ సార్ ఒప్పుకున్నారు, ఆయన తల మీద వెలుగు పడకుండా చూడమన్నారు.

మామిడి సీజను అయిపోగానే, ఆగస్టు మొదటి ఆదివారం నుంచి మా మూడోవాడు వస్తానన్నాడు. స్టెన్సిల్ వాడే నేర్పుతాడు, లినో మేము చూసుకుంటాం. "నేను డిగ్రీ లేనోణ్ణి, సారని పిలవద్దని చెప్పండి" అన్నాడు. అన్నా అని పిలవండి. ఎవరింట్లోనైనా పాత ఎక్స్‌రే షీట్లుంటే పారేయకండి, కాలు విరిగినవైనా, ఊపిరితిత్తులవైనా సరే, సెలవులకు పోయినప్పుడు అడిగి తీసుకురండి. వేడినీళ్లలో నానబెట్టి, బ్లీచింగ్ వేసి గుడ్డతో రుద్దితే నలుపు పోయి అద్దంలాగా అవుతుంది. ఆ పని మాత్రం స్నానాల గదుల దగ్గర కాకుండా పెరట్లో చేద్దాం, వాసన చాలా ఘాటు.